వేలు ఒకచోట, నోరు ఒకచోట

నేను నవలలు రాస్తానన్న సంగతి మా వీధిలో తెలిసినవాళ్ళు ముగ్గురే. ఒకరు పోస్ట్‌మాన్. రెండోవారు మావారు (తెలిసినా ఒప్పుకోరనుకోండి). మూడో ఆవిడ మా పక్కవీధి మునిసిపల్ స్కూలు హెడ్మిస్ట్రెస్ గారు. ఈ మూడో ఆవిడే 2024 ఆగస్టులో ఓ సాయంత్రం కూరగాయల బండి దగ్గర నన్ను పట్టుకున్నారు.

"అమ్మా, మీరు శనివారం మధ్యాహ్నాలు వచ్చి మా ఏడో తరగతి పిల్లలకి తెలుగు చదవడం నేర్పాలి" అన్నారు, బెండకాయ చివర విరిచి చూస్తూ.

ఏడో తరగతి వాళ్ళకి చదవడం నేర్పడమేమిటి, సాహిత్యం పరిచయం చెయ్యమంటున్నారు కాబోలని నేను సంబరపడ్డాను. బి.ఏ.లో స్పెషల్ తెలుగు చదివినందుకు ఇన్నాళ్ళకి ఒకరు గుర్తించారు గదా! ఆ రాత్రి వంటిల్లు సర్దుకుని, ఏ కథలు చెప్పాలో, ఏ పద్యాలు వినిపించాలో రెండు పేజీల జాబితా రాశాను. ఆ జాబితా ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే ఉంది. దాంతో పని పడలేదు.

అసలు సంగతేమిటంటే, ఆ బడిలో చదువుకుని అమెరికా వెళ్ళిన ఒకాయన పది ట్యాబులు కొని పంపాడు. పిల్లల చేతికిస్తే పాడైపోతాయని వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. సంవత్సరం గడిచింది. ఇంతలో ఆయన ఫోన్ చేసి, పిల్లలు ట్యాబుల మీద చదువుకుంటున్న ఫోటోలు పంపమన్నాడు. అదీ కథ! ఊళ్ళో ఖాళీగా ఉన్న చదువుకున్న ఆడదాన్ని నేను దొరికాను. నవలలు రాసుకునేదాన్ని అందరూ ఖాళీగా ఉన్నట్టే లెక్కవేస్తారు, మీకు తెలుసుగా.

నాకేమో ట్యాబ్ అంటే భయం. అందుకని ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని సాయం రమ్మన్నాను. "ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకోవడం కూడా నేనే నేర్పాలి నీకు" అని సణుగుతూనే వచ్చింది.

మొదటి శనివారం ట్యాబులు తియ్యలేదు. ముందు ఎవరెంత చదవగలరో చూద్దామని సోషల్ పుస్తకం అందుకున్నాను. 2020-21 నుంచి మన ఆంధ్రప్రదేశ్ బడి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషులోనూ, ఎదురు పేజీ తెలుగులోనూ ఉంటున్నాయి గదా. మూడో బెంచీలో ఒక బక్కపల్చని కుర్రాడు లేచాడు. ఆహా, ఏం చదివాడండీ! ఎక్కడా తడబాటు లేదు, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపాడు. రేడియోలో వార్తలు చదివినట్టు గడగడా చదివేశాడు. నేను మురిసిపోయి "శభాష్" అనబోతుండగా మా అమ్మాయి నా కొంగు లాగింది.

"అమ్మా, వాడి వేలు చూడు."

చూశాను. వాడి నోరు తెలుగు పాఠం చెబుతోంది. వేలు మాత్రం ఇంగ్లీషు పేజీ మీద, ఒక్కో పంక్తి కిందగా, ఎంతో శ్రద్ధగా సాగిపోతోంది!

నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది. వాడికి పాఠమంతా నోటికొచ్చు. టీచరు చదివినప్పుడు ఒకసారి, పక్కవాడు చదివినప్పుడు ఒకసారి వింటే చాలట. అంత జ్ఞాపకశక్తి ఉన్న బిడ్డకి 'గుంటూరు' అని విడిగా ఒక కాగితం మీద రాసి ఇస్తే చదవలేకపోయాడు. పుట్టి పెరిగింది గుంటూర్లో.

స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ హెడ్మిస్ట్రెస్ గారు లెక్క చెప్పారు. 2020 మార్చిలో కరోనాకి బళ్ళు మూసేనాటికి వీళ్ళు రెండో తరగతి. గుణింతాలు కుదురుకుని వత్తులు పట్టుబడవలసిన వయసంతా ఇంట్లోనే పోయింది. మళ్ళీ బడికొచ్చేసరికి పుస్తకాలు ముందుకు వెళ్ళిపోయాయి, వీళ్ళు వెనక్కి ఉండిపోయారు. ఇదేదో మా ఊరి సంగతే అనుకునేరు. ప్రథమ్ వాళ్ళు ఊరూరా ఇంటింటికీ తిరిగి తయారుచేసే అసర్ నివేదికల్లో 2022 సర్వేది చూస్తే, దేశం మొత్తమ్మీద పల్లెల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు నూటికి 70 మంది లోపేనట. తక్కిన 30 మందీ ఏం చేస్తున్నారో ఆ వేలు చూశాక నాకు అర్థమయింది. బట్టీపట్టి నెట్టుకొస్తున్నారు.

రెండో వారం ట్యాబులు బీరువాలోంచి బయటికొచ్చాయి. మా అమ్మాయి వాటిలో ఒక 'వినే యంత్రం' పెట్టింది. దాని పని ఇదీ: తెర మీద కథ వస్తుంది, పిల్లలు పైకి చదవాలి, లోపలున్న గొంతు వింటూ ఉంటుంది. సరిగ్గా చదివితే స్టార్లు ఇస్తుంది. రాని మాట మీద వేలు పెడితే తనే పలికి చూపిస్తుంది. వందసార్లు అడిగినా విసుక్కోదు. ఇంట్లో ఒక్క గుణింతం నేర్పడానికి నేను ఎన్నిసార్లు గొంతు చించుకున్నానో తలుచుకుని సిగ్గుపడ్డాను.

అయితే పది ట్యాబులు ఒక గదిలో ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చేపల మార్కెట్టే నయం. ఒకడు చదివింది ఇంకొకడి ట్యాబ్ విని స్టార్లిచ్చేస్తోంది! చివరికి ఒకర్ని మెట్ల కింద, ఒకర్ని వేపచెట్టు కింద, ఇద్దర్ని సైకిళ్ళ షెడ్డులో కూర్చోబెట్టాం. పిల్లికూనల్ని చోట్లు మార్చుకుంటూ తిరిగే తల్లిపిల్లిలా నేను బడంతా తిరిగాను.

నాలుగు వారాలకి అందరికన్నా ఎక్కువ స్టార్లు ఎవరికొచ్చాయో చెప్పుకోండి. మన రేడియో వార్తల కుర్రాడికి! నేను పొంగిపోయి, ఇంటికొచ్చి మావారికి కూడా చెప్పాను. మరుసటి వారం వాడి పక్కన చడీచప్పుడు లేకుండా కూర్చుని చూస్తే బండారం బయటపడింది. ప్రతి మాట మీదా ముందు వేలు పెడుతున్నాడు, యంత్రం పలుకుతోంది, వీడు అప్పజెబుతున్నాడు. యంత్రం చెప్పింది యంత్రానికే వినిపించి స్టార్లు పుచ్చుకుంటున్నాడు. తప్పు యంత్రానిదీ కాదు, వాడిదీ కాదు. పలుకుతున్నాడా లేదా అన్నదే అది చూస్తుంది. ఆ పలుకు కంట్లోంచి వచ్చిందో చెవిలోంచి వచ్చిందో దానికేం తెలుస్తుంది? ఏడేళ్ళుగా టీచర్లకే తెలియలేదు.

మా అమ్మాయి సంగతి ఇంకా చెప్పలేదు కదూ. ఆ రోజుల్లోనే ఒక పిల్ల ట్యాబ్ పట్టుకొచ్చి "అక్కా, ఈ మాటేంటి?" అని దాన్ని అడిగింది. ఇది చూసింది, ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని చూసింది, "మా అమ్మనడుగు" అంది. ఆ మాట 'జ్ఞాపకం'. ఇంగ్లీషు మీడియంలో తెలుగు సబ్జెక్టుకి నూటికి ఎనభై తెచ్చుకునే పిల్ల! ఎలా తెచ్చుకుంటోందంటారా? పరీక్ష ముందురోజు రాత్రి నేను పాఠాలు చదివి వినిపిస్తాను, అది మంచం మీద పడుకుని వింటుంది. మర్నాడు వెళ్ళి రాసేసి వస్తుంది. మా ఇంట్లో వినే యంత్రాన్ని నేనేనన్నమాట. నేను రాసిన నవలలు తొమ్మిది. వాటిలో ఒక్క పేజీ కూడా నా కూతురు చదవలేదు. టైమ్ లేక చదవడం లేదని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను.

ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. పోనీలెండి.

ఆ తరవాత నేను స్టార్లు లెక్కపెట్టడం మానేశాను. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అని ఒకటుంది, 2015 నుంచీ. అందులో పిల్లల కథలు బొమ్మలతో సహా తెలుగులో కూడా ఉచితంగా దొరుకుతాయి. నాలుగు మెట్లుగా పెట్టారు. మొదటి మెట్టులో పేజీకి ఒకటీ రెండూ వాక్యాలు, పైకి పోయేకొద్దీ పెద్దవి. ఇక్కడ ఎవరూ చదివి వినిపించరు. వారం వారం కొత్త కథ, కాబట్టి బట్టీకి వీల్లేదు. ఏడో తరగతి పిల్లలు మొదటి మెట్టు కథలు చదవడానికి సిగ్గుపడతారేమోనని భయపడ్డాను. "మీ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చదివి వినిపించాలి, అందుకు ప్రాక్టీసు" అన్నాను. ఆ అబద్ధం బాగా పనిచేసింది.

అక్కడే ట్యాబ్ అసలు ఉపకారమేమిటో తెలిసింది. రెండు వేళ్ళతో సాగదీస్తే అక్షరం అరచేయంత అవుతుంది, అంతే! మన వత్తుల సంగతి మీకు కొత్తగా చెప్పాలా? త, న, మ, య, ర, ల ఉన్నాయి చూడండి, అవి పైనున్నప్పుడు ఒక రూపం, కిందికి దిగి వత్తయ్యాక ఇంకో రూపం. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్లలా పోలికే ఉండదు. పుస్తకంలో అవి చీమ తలకాయంత ఉంటాయి. ఇక మకీ యకీ తేడా తెలియక సగంమంది 'మాయ'ని 'యామ' చేసేవారు. తెర మీద పెద్దది చేసి, వేలితో ఆ వంపు వెంట పోనిస్తే తేడా కంటికి దక్కేది. నాకూ కళ్ళజోడు మరిచిన రోజు హాయిగా ఉండేది.

ఇంకోటి పాటలు. సినిమా పాట నడుస్తుంటే దాని మాటలు అదే భాషలో కింద వస్తూ ఉంటే, చూసేవాళ్ళకి తెలియకుండానే చదవడం అలవాటవుతుందని అహమ్మదాబాద్ ఐ.ఐ.ఎం.లో పనిచేసిన బ్రిజ్ కొఠారీ గారికి 1996లో ఆలోచన వచ్చింది. తరవాత దూరదర్శన్ చిత్రహార్‌లో కూడా పాటల కింద అక్షరాలు వేశారు. పాట నోటికొచ్చిందే కాబట్టి కన్ను మాట కోసం ముందే కాచుకుని కూర్చుంటుందన్నమాట. తెలుగు అక్షరాలతో ఉన్న పాటలు మా అమ్మాయి వెతికిపెట్టింది. ఆడపిల్లలకి ఇది ఎంత పనికొచ్చిందంటే, రెండు నెలల్లో నలుగురు మూడో మెట్టు కథలు అందుకున్నారు. మన రేడియో కుర్రాడికి మాత్రం ఎందుకూ కొరగాలేదు. వాడు కళ్ళు మూసుకుని పాడేవాడు.

ఆ జ్ఞాపకశక్తే వాడికి అడ్డం పడుతోంది. కంటితో పనేమిటి, చెవి ఉండగా!

దానికి దారి చూపించింది యంత్రం తెలివి కాదు, దాని తెలివితక్కువతనం. నవంబర్లో ఒక శనివారం, నోటితో చెబితే తానే రాసిపెట్టే విద్య ట్యాబుకి ఉందని మా అమ్మాయి చూపించింది. ప్రతివాళ్ళూ తమ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి, అది రాస్తుంది, రాసినదాన్ని వాళ్ళే చదవాలి. మొదటగా ఒక పిల్ల చెప్పింది, "మా నాయనమ్మ పెరుగు అమ్ముతుంది" అని. అదేమో "మా నాయనమ్మ పరుగు అమ్ముతుంది" అని రాసింది. పక్కపిల్ల చదివి పకపకా నవ్వింది. క్లాసంతా మూగారు. యంత్రం తప్పు రాస్తుందన్న సంగతి తెలిశాక పిల్లల ఆనందం చూడాలండీ! ఏడేళ్ళుగా అందరూ వీళ్ళ తప్పులే పట్టుకున్నారు. ఇప్పుడు వీళ్ళకి తప్పు పట్టుకోవడానికి ఒకరు దొరికారు. మాట వెనక మాట, అక్షరం వెనక అక్షరం, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరడం మొదలుపెట్టారు. ఎత్వం పోయిందనీ, వత్తు రాలేదనీ కేకలు. నేను నేర్పుతానన్నా వినని గుణింతాల గొడవ వాళ్ళంతట వాళ్ళే తలకెత్తుకున్నారు.

మనవాడు ట్యాబ్ తీసుకుని మెట్ల కిందికి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చి, ఏమీ అనకుండా బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. ట్యాబులు కట్టేసే ముందు వాడిది తెరిచి చూశాను.

"మా అమ్మ కొమ్మలు కంపెనీలో పెట్టింది కాగితం వచ్చింది చదవమంది నాకు రాలేదు వడ్డీ కట్టారని రాశారు అని చెప్పాను కొమ్మలు పోయాయి"

కొమ్మలు కంపెనీలో పెట్టడమేమిటని మొదట నవ్వుకున్నాను. రెండోసారి చదివాను. కొమ్మలు కాదు, కమ్మలు. చెవి కమ్మలు.

వాళ్ళమ్మ మిరపకాయల కొట్లలో తొడిమలు తీసే పనికి వెళుతుంది. భర్త లేడు. ఇంట్లో బడి మెట్లెక్కినవాడు వీడొక్కడే. బంగారం మీద అప్పిచ్చే కంపెనీ నుంచి, ఫలానా తారీఖులోగా కట్టకపోతే వేలం వేస్తామని వచ్చి ఉంటుంది ఆ కాగితం. ఆవిడ అందరు తల్లుల్లాగే "చదవరా అయ్యా" అని కొడుకు చేతిలో పెట్టింది. వాడు కాగితం పట్టుకుని, వేలు ఒకచోట పెట్టి, నోటికొచ్చింది చదివాడు.

ఎవరికి చెప్పాలి? హెడ్మిస్ట్రెస్ గారికా? వాళ్ళమ్మకా? మావారితో అంటే "నువ్వు నవలల్లో అయితే ఏం చేయిస్తావు?" అన్నారు. నవలల్లో అయితే తల్లి కాళ్ళ మీద పడేయించేదాన్ని. ఇది నవల కాదుగా. ఎవరికీ చెప్పలేదు. వాడు మనుషులెవరితోనూ అనలేక ఒక యంత్రంతో చెప్పుకున్నాడు. మధ్యలో నేను చదివేశాను. అది న్యాయమో కాదో ఈనాటికీ నాకు తెలియదు.

మరుసటి శనివారం వాడిని ఒక్కణ్ణే వేపచెట్టు కింద కూర్చోబెట్టుకుని అదే పేజీ తెరిచాను. "యంత్రం ఏమైనా తప్పు రాసిందేమో చూడరా" అన్నాను, అంతే. వాడు నా మొహంకేసి చూసి తల దించుకున్నాడు. గడగడా చదివాడు, "మా అమ్మ కమ్మలు..." అంటూ.

"నీ నోరు కాదు, దాని రాత చూడు. వేలు పెట్టు."

వేలు పెట్టాడు. రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. చాలాసేపు చూశాడు. "కొ..." అన్నాడు. "మ్మ..." మళ్ళీ మొదటికి వచ్చాడు. తన నోటికి తెలిసిన మాట ఒకటి, ఎదురుగా ఉన్న మాట ఇంకొకటి. ఈసారి వాడి జ్ఞాపకం వాడికి సాయానికి రాలేదు.

"టీచర్, కొమ్మలు అని పడింది. తప్పు. కమ్మలు అనుండాలి" అన్నాడు. ఒత్వం తీసేసి తలకట్టు పెట్టాడు. రెండోచోట కూడా తనే వెతికి దిద్దాడు. అప్పుడు చూశానండీ, వాడి వేలూ నోరూ ఒక్కచోట ఉన్నాయి.

ఆ తరవాత సంగతి గబగబా చెప్పేస్తాను. వాడు జనవరికి రెండో మెట్టుకి వచ్చాడు, నత్తనడక. గడగడా చదివేవాడు కాస్తా కూడబలుక్కుని చదువుతుంటే ఒక టీచరమ్మ "మీరొచ్చాక వీడి చదువు చెడింది" అన్నారు! మా అమ్మాయి వాడికి పోటీగా కూర్చుంది. ఇద్దరికీ ఒకటే కథ, ఎవరు ముందు తప్పు లేకుండా చదివితే వాళ్ళకి జీడి. ఎక్కువసార్లు జీడి వాడికే పోయింది. మా అమ్మాయి ఉక్రోషంతో ఇంట్లో వారపత్రిక తిరగేస్తుంటే చూశాను. నా సీరియల్ ఉన్న పేజీ కాదులెండి, వంటల పేజీ. "అమ్మా, 'చిటికెడు' అంటే ఎంత?" అని అడిగింది.

మార్చిలో ఒంటిపూట బళ్ళొచ్చాయి. ఆఖరి శనివారం పదకొండు గంటలప్పుడు వాడి తల్లి వచ్చింది. మిర్చి సీజను గదా, ఆవిడ గుమ్మంలోకి రాగానే మాకందరికీ తుమ్ములొచ్చాయి. చెవులకి వేపపుల్లలు పెట్టుకుని ఉంది. సంచీలోంచి మడతలు పెట్టిన కాగితం తీసింది.

"డ్వాక్రా గ్రూపు కాగితమంటమ్మా. సంతకం పెట్టమంటన్నారు. ఏం రాసుందో సూత్తారా?" అని నాకివ్వబోయింది.

నేను చెయ్యి చాపేలోగా వాడు అందుకున్నాడు. నిలబడే చదివాడు. పది నిమిషాలు పట్టింది. 'వాయిదా' దగ్గర ఆగాడు, 'మొత్తం' దగ్గర ఆగాడు. 'పొదుపు' దగ్గర అలవాటుకొద్దీ కాగితం మీద రెండు వేళ్ళు పెట్టి సాగదీసి, అది పెద్దది కాకపోయేసరికి మా అమ్మాయి వంక చూసి నవ్వాడు. నా నోట్లో మాట నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు, పళ్ళు బిగించి కూర్చున్నాను. ఆవిడ మాత్రం కొడుకు మొహంకేసి కాకుండా వాడి వేలికేసే చూస్తూ నిలబడింది. ఆవిడకి ఆ కమ్మల సంగతి వాడు చెప్పాడో లేదో నాకు తెలియదు. నేనడగలేదు.

"అంతేనా? ఇంకేవన్నా ఉందా?" అంది.

వాడు కాగితం తిరగేసి వెనకవైపు కూడా చూశాడు.

"ఏం లేదమ్మా. ఖాళీ" అన్నాడు.